నాలుగు వందల పదిహేడు

ఆ కానుగ చెట్టు మీద నంబరు రాసింది నేనే.
దాని వెనకాల దాక్కున్న బోర్డు రాసిందీ నేనే.
దేవరకొండ రోడ్డు మీద
ఇంకెవలకూ ఇట్లాంటి పంచాయితీ వచ్చి ఉండదు.

బోర్డు ముందుది.
శ్రీ మార్కండేయ వస్త్రాలయం.
పసుపు మీద ఎరుపు, ఎరుపుకు నల్ల నీడ.
ర కింద క వత్తు, పక్కన సున్న,
ఒకదాని కాలు ఒకటి తొక్కకుండ
ఆ ఒక్క అక్షరానికే పూటంతా పట్టింది.
మూలకు చిన్నగ: బిక్షం ఆర్ట్స్.
అప్పుడు చెట్టు నా మోకాలంత,
ఇనుప జాలిల మేకలకు భయపడుకుంట నిలబడ్డది.

తర్వాత ఫ్లెక్సులొచ్చినయి.
డబ్బాలల్ల కుంచెలు కట్టెలైనయి.
మున్సిపాలిటోళ్లు పిలిచి
చెట్లకు నంబర్లెయ్యమన్నరు, చెట్టుకు ఆరు రూపాయలు.
తెల్ల పట్టీ, ఎర్ర అంకె.
పేర్లు రాసిన చెయ్యి అంకెలకు దిగింది.
అయినా ఏడంకె తోకను కొంచెం వంచిన,
ఎవలు చూస్తరని కాదు.

ఇప్పుడు లింగమూర్తి సేటు దుకాణం ముందర తలెత్తితే
ఆకులు. ఆకుల వెనక ఆకులు.
గాలొస్తే ఒక 'శ్రీ'. గాలి పోతే అదీ లేదు.
"ఎదురుంగ మాల్ పడ్డది బిక్షం,
రాత్రి గూడ ఎలుగుతది దాని పేరు.
నా పేరు పగలే కనబడకపాయె."

ఆఫీసు గోడకు కాయితం అతికించిండ్రు:
నంబరు గల వృక్షమును కమిటీ పరిశీలించనిదే తొలగించరాదు.
వ్యాపార బోర్డులకు అడ్డుగానున్న కొమ్మలను
చలానా చెల్లించిన పిదప సిబ్బంది ద్వారా మాత్రమే...
సేటు రెండుసార్లు చదివిండు.
మూడోసారి రెండు మాటలే చదివిండు:
నంబరు గల.

ఆ రాత్రి మా ఇంటికొచ్చిండు.
మంచం మీద ఐదు వందల నోటు, పక్కన టర్పెంటు సీసా.
"నువ్వే రాసినవు, నువ్వే తుడువు.
నంబరు లేకపోతే అది చెట్టే కాదు, వట్టి కట్టె.
పొద్దున మనోళ్లొస్తరు."

అబద్ధమెందుకు, చెయ్యి గుంజింది.
పైసల కోసం కాదు.
పైసల కోసం గూడ.
ఎనిమిదేండ్లాయె నా అక్షరాన్ని ఎవలూ చదవక.
ఊర్ల చేతిరాత బోర్డులు నాలుగో ఐదో మిగిలినయి,
అందుల ఒకటి బతికుండంగనే ముసుగేసుకున్నది.

పన్నెండు దాటినంక పోయిన.
సెల్లు లైటుల పట్టీ దొరికింది గని
నా అంకెలు నా అంకెల లెక్క లేవు.
చెట్టు లావైంది, నంబరు దానెంబడే లావైంది.
నాలుగంకె కాళ్లు ఎడమైనయి.
ఒకటంకె నడుమ బెరడు పగిలి, ఆ సందుల చీమల వరస.
ఏడంకె తోక మాత్రం
నేను వంచినదానికంటె ఇంకింత వంగింది,
ఏండ్లకేండ్లు, మెల్లగ,
నా చేతికి ఎన్నడూ రాని వంపు.

సీసా మూత తియ్యలే.

తెల్లారి నోటు వాపసిచ్చి చలానా కట్టమన్న.
సేటు వారం రోజులు మాట్లాడలే.
ఇరవై రోజులకు నిచ్చెన ట్రాక్టరొచ్చింది.
నలుగురు మనుషులు, ఒక రంపం, ముందొక ఫోటో, ఎనకొక ఫోటో.
రూలు ఎంతదాకనో అంతదాకనే కొట్టిండ్రు,
ఒక్క రెమ్మ ఎక్కువ కాదు.
ఇప్పుడు రోడ్డవతల నుంచి చదవొచ్చు:
                డేయ వస్త్రా

సేటు నెత్తి పట్టుకున్నడు, తర్వాత నవ్విండు.
"యముడు తాడేసినా పోని పిలగాని పేరాయె,
సగమన్న దక్కింది తీయ్."
నా 'ర్కం' ఇంకా ఆకులల్లనే ఉన్నది.

ఈ ఏడు నంబర్లు మళ్ల దిద్దమని పిలిచిండ్రు.
చెట్టుకు ఎనిమిది రూపాయలు.
నాలుగు వందల పదహారు దిద్దిన.
పక్క చెట్టు కాడ కూసోని
నాలుగంకె దిద్దిన, చీమలు పోయేదాక ఆగి ఒకటంకె దిద్దిన,
ఏడును ముట్టలే.