అరవై మూడు రిబ్బన్లు

నా మోకాలు మొరాయించిన ఏడాది అది.
పరుగు ఇవ్వలేక నాకు
తోక ఇచ్చారు:
అందరికంటే వెనక నడవాలి,
దారి చూపిన రిబ్బన్లు విప్పుకు రావాలి,
ఎవరినీ గుట్టల్లో వదిలేసి రాకూడదు.

డిసెంబరు ఆదివారం, ఐదున్నర.
హిమాయత్‌సాగర్ వెనక
చలి ఇంకా బండల మీదే పడుకుని ఉంది.
నలభై హెడ్‌ల్యాంపులు ఒక్క ఊపున కదిలి
గుట్ట మలుపులో ఒకటొకటే మాయమయ్యాయి.
మిగిలింది రజియా ఆపా.
కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు
ఊరి మీటర్లన్నీ లెక్కగట్టి దిగిన మనిషి.
మెడలో బైనాక్యులర్,
కాళ్లకు అల్లుడి బూట్లు, రెండు సైజులు పెద్దవి.
"నువ్వు పో బిడ్డా, నాకు తొందర లేదు."
"నాకూ ఉండకూడదు ఆపా. అదే నా డ్యూటీ."

వాచీ ఒప్పుకోదు.
కిలోమీటరుకు పంతొమ్మిది నిమిషాలా అని
మణికట్టు మీద గునుస్తూనే ఉంది.
ఆమె ఆగుతుంది, నేనాగుతాను,
వాచీ అలిగి పడుకుంటుంది.

తంగేడు పొద దగ్గర ఆగింది,
తోక ఎగరేసే బూడిదరంగు పిట్ట కోసం.
రేగుచెట్టు దగ్గర ఆగింది,
పిట్ట కోసం కాదు.
టోపీ నిండా పళ్లు.
ఉమ్మిన గింజ ఎంత దూరం పడిందో చూసి
తనలో తనే నవ్వుకుంది.

తీతువ అరిచింది.
ఆ అరుపు వింటే మా నాయనమ్మ
గడప మీద నీళ్లు చల్లేది, కీడని.
"కీడు మనమే బిడ్డా," అంది ఆపా.
"మనం వస్తున్నమని దాని వాళ్లకు చెప్తుంది."

నీటి అంచున, పగుళ్లు తేలిన బురద మీద
నెత్తిన రెండు నల్లగీతల బాతులు.
నలభై ఏడు.
రెండుసార్లు లెక్కపెట్టింది,
రీడింగు తప్పితే బిల్లు తప్పుతుందన్నట్టు.
మంచుకొండలు దాటి వచ్చాయట,
ఎవరూ రిబ్బను కట్టని దారిన.
శంషాబాదు విమానం వాటి మీదుగానే దిగింది.
ఒక్కటీ తలెత్తలేదు.

ఇక విప్పడం.
వేళ్లు కొంకర్లు పోయి
ముడి ముడికీ పంటితో పని.
సీతాఫలం కొమ్మ, విరిగిన కంచె,
ఎవరో పారేసిన స్కూటర్ చక్రం.
జేబు నిండా నారింజ పీలికలు.

యాభై రెండోదాని దగ్గర
ఆపా నా చేయి పట్టుకుంది.
రిబ్బను కొసకీ తుమ్మముల్లుకీ మధ్య
రాత్రికి రాత్రే ఒక సాలీడు
ఇల్లు కట్టుకుంది.
దారం దారానా మంచు.
నడుమ అది,
ఎనిమిది కాళ్లను నాలుగు జంటలు చేసి
ఇంటూ గుర్తులా.

నిన్న సాయంత్రం నేనే వేశాను ఆ ముడి,
తొందరలో, ఒంటిముడి.
అంత నమ్మి నా పని మీద
ఎవరూ ఏదీ కట్టుకోలేదు ఇంతవరకు.

వాచీ మోగింది. గడువు దాటిందట.
ఆపా బైనాక్యులర్ తిరగేసి
దగ్గరగా పెట్టి చూసింది, నాకిచ్చింది.
కాళ్ల మీది నూగు కూడా కనిపించాక
ఊపిరిని కొంచెం పక్కకు తిప్పి వదిలాను.

మేం చేరేసరికి పతకాలు అయిపోయాయి,
ఇడ్లీలు చల్లారాయి.
వినీల్ రిబ్బన్లు బల్ల మీద పరిచి
"అరవై నాలుగు కట్టాం కదా,
ఒకటి తగ్గిందేం?" అన్నాడు.
"అది వాడకంలో ఉంది,"
కనెక్షన్ పీకడానికి వచ్చినవాడితో అన్నట్టు అంది ఆపా,
అల్లుడి బూట్లలోంచి ఇసుక దులుపుతూ.

వచ్చే ఆదివారం విప్పుకొస్తానని మాటిచ్చాను.
మూడు ఆదివారాలు వెళ్లొచ్చాను,
జేబులో రేగిగింజలతో.