పీరా ఉంగరం

ఎడమచేతి వేళ్ళు మూడు ఆనిస్తే చాలు
నా ఎనక పదిమంది లేచి నిలబడతారు.
బేస్ గిటారాయన, వయొలిన్లు నాలుగు,
పేరు తెలీని దేశంలో ఎవరో ఊదిన బాకా.
వాళ్ళకు అన్నం పెట్టే పనిలేదు.
ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఆటో బాడుగ లేదు.
పెండ్లోళ్ళు వెయ్యి తగ్గించినా
మొగాలు మాడ్చుకోరు.

జనం నా వేళ్ళను చూస్తారు.
నిజం చెప్పాలంటే వేళ్ళు చేసేది తక్కువ.
ఇంట్రో అని ఒక మీట, ఎండింగని ఒక మీట,
చరణం మారేకాడ ఫిల్-ఇన్ అని ఇంకొకటి.
లిఫ్టులో బొత్తాము నొక్కినోడు
మూడంతస్తులు ఎక్కొచ్చినానని చెప్పుకున్నట్టు
చప్పట్లకు వంగి దండం పెడతా.

శ్రీ తుంగభద్ర ఆర్కెస్ట్రాలో ముందు ఏడుమందిమి.
ఇప్పుడు నేనూ, పాడే సులోచనా,
పెన్‌డ్రైవూ.

కడాన పోయినోడు హుసేన్ పీరా. డోలక్.
పోయినోడంటే చచ్చిపోయినోడు కాదు,
నేను వద్దనుకున్నోడు.
ఆ మాట అనడానికి నోరు రాక
ఒకనాటి మాపున పిలిచి
"అన్నా, రెండు గంటలు వాయించు, పెట్టెలో దాచుకుంటా" అంటి.
ఐదు నూర్లు ఇస్తి.
జిన్నింగు మిల్లు ఎనక రూములో
ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి,
చెమట్లు కారతా వాయించినాడు.
ఎందుకని అడగలేదు.
యూజర్ స్టైల్ ఏడు.
దాంట్లో ఉండాడు.

నాలుగో ఆవర్తంలో ఒక తప్పుంది.
తోలు మీద పడాల్సిన వేలు జారి
ఉంగరం కొయ్య అంచుకు తగిలింది:
టక్.
చెరిపేద్దామనుకుంటా అట్లే ఇడిసినా.
ఏ ఊరి పెండ్లిలో మీట నొక్కినా
నాలుగో తూరి తప్పకుండా వస్తుంది
ఆ తప్పు.

సులోచనకు ఆయాసం.
మునుపు చరణం మధ్యలో ఊపిరి తెగితే
పీరా ఆమె గొంతు కల్ల చూసి
అర మాత్ర సాగదీసి పట్టుకుంటాండె.
పెట్టెకు గొంతు కనపడదు.
ఆమె ఎనకబడి, పరిగెత్తి, అందుకుంటుంది,
కదిలిన బస్సు అందుకున్నట్టు.

నిన్న ఆలూరు రోడ్డు కల్యాణమంటపంలో
ఓళిగల మీద నెయ్యి పోస్తాంటే చూసినా,
బంతిలో మూడో విస్తరి ముందర పీరా.
పెండ్లికొడుకు నాయనకు దోస్తంట.
కొత్త చొక్కా, మడతలు ఇంకా పోలేదు.
యూజర్ స్టైల్ ఏడు అప్పటికే పోతాంది.
ఆపితే సులోచన నడిదోవలో నిలబడిపోతుంది.
నా చెయ్యి రాయైపోయింది.
అయినా నా చేతితో దానికేం పని,
వాయిస్తానే ఉంది.

ఒకటి. రెండు. మూడు.
టక్.

ముద్ద నోటికాడ ఆగింది.
తల ఎత్తకుండానే
మళ్ళా నాలుగు తిరిగేదాకా కాచుకున్నాడు.
టక్ పడేటప్పటికి
బల్ల మీద వేలితో తానూ ఒక దెబ్బ ఏసినాడు.
అంతలో సులోచనకు ఊపిరి తెగింది.
పీరా వేలు గాల్లో ఆగింది,
అర మాత్ర, ఆమె కోసరం.
పెట్టె ఆగలేదు.

చెయ్యి కడుక్కొని స్టేజీ కాడికొచ్చినాడు.
"ఏం ఈరేశప్పా, నా ఉంగరం ఇంకా నీ కాడే ఉందే!"
నవ్వి, వేలు చూపించినాడు.
ఉంగరం లేదు. ఉండిన చోట తెల్లటి గీత.
"అసలుది కుదవలో మునిగి మూడేండ్లాయ.
నీ కాడిది భద్రం."
నేనేదో అనబోతి.
"వాయించప్పా, పెండ్లోళ్ళు చూస్తాండారు."

తరువాతి పాటకు స్టైల్ ఆపేసినా.
ఒట్టి గొంతూ, నా పది వేళ్ళూ.
కట్టు ఇప్పిన చెయ్యి మాదిరి
ఎడమచెయ్యి పల్చగా, తెల్లగా,
ఎట్లా మడవాలో తెలీకుండా ఉండె.
పల్లవి నడిచింది.
చరణంలో రెండు చోట్ల పడినా.
సులోచన తిరిగి చూసి
తీరుబడిగా ఊపిరి పీల్చుకుంది.

ముందు వరసలో ఒక పిల్లోడు అడిగినాడు:
"కరెంటు పోయిందా?"

ఏడు నొక్కినా.
వాకిలి కాడ చెప్పులు ఎతుక్కుంటాండిన పీరా
నాలుగో తూరి రాకముందే
ఎల్లిపోయినాడు.