నాలుగొందల నుంచి ఏడొందల దాక

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా, పదమూడో నంబరు.
పెయింటు ఫ్యాక్టరీల రంగులు కలుపుడు నా పని.
మిషన్ కన్ను నాలుగొందల కాడ తెరుచుకొని
ఏడొందల కాడ మూసుకుంటది.
అవతల ఉన్నది గూడ వెలుతురేనట,
మన కండ్లకు అక్కెరకు రానిది.
ఎరుపు దాటినంక ఏముంటదో
ఆగస్టుల ఇనుప రేకు ముట్టిన నాడు
నా అరచెయ్యికి ఎరుకైంది.

పొద్దున ఒక ముసలాయన వచ్చిండు, ఖల్ఫాన్ అని పేరు.
రుమాల్ల చుట్టుకొచ్చిన చెక్క పెచ్చు,
ఖోర్ ఫక్కాన్‌ల కూలగొట్టిన ఇంటి తలుపుది. నీలం.
"గిదే కావాలె" అన్నడు
నా హిందీ కంటె మంచి హిందీల.

మిషన్ కింద పెడితె గీత లేచింది:
నాలుగొందల యాభై కాడ చిన్న గుట్ట,
ఆరొందల అవతల బీడు.
తెలుపుల నీలం, నీలంల గోరంత నలుపు,
ఒక్క చిటికెడు పచ్చ.
పెట్టెల మూడు దీపాలుంటయి.
ట్యూబ్‌లైటు కింద రెండూ ఒక్కటే.
పాత బల్బు కింద ఒక్కటే.
పగలు అని పేరు పెట్టిన దీపం కింద గూడ ఒక్కటే.
సంతకం పెట్టిన.

ముసలాయన డబ్బా మూత, పెచ్చు రెండూ పట్టుకొని
ఏమనకుండ బయటికి నడిచిండు.
సిరిసిల్లల మా చిన్నాయిన గూడ గిట్లనే,
తొట్టిలకెళ్లి నూలు చిలప తీసి, పిండి,
వాకిట్లకు ఉరికేటోడు.
"రంగుకు పొద్దే సాక్షిరా" అనేటోడు.

ఎండల నా నీలం నీలంగనే ఉన్నది.
ఆయన నీలం జెర్ర ఊదకు జరిగింది.
"కాదు" అన్నడు. కోపం లేదు.
గోరుతోని పెచ్చు అంచు గీకి చూపెట్టిండు:
పైన ముప్పై ఏండ్ల ఎండ తిన్న నీలం,
లోపట ఎండ ముట్టని నీలం.
"ఏది జెయ్యాలె సాబ్?"
చానసేపు పెచ్చునే చూసిండు.
"లోపటిది మా అమ్మ వేసింది.
పైది మేం పెరుగంగ చూసింది.
రెండూ చెయ్యి. చిన్న డబ్బాలు చాలు."

రాత్రి క్యాంపు గేటు కాడ పాత పసుపు దీపం.
ఐదొందల ఎనభై తొమ్మిది కాడ
ఒక్క గీతే దాని బతుకంత.
దాని కింద బంగ్లా దోస్తు లుంగీ,
ఆరేసిన ఎర్ర తువ్వాల,
నా గోళ్ల సందుల మిగిలిన ఖల్ఫాన్ తలుపు,
అన్నీ ఒక్కతీరు బూడిద.

పోశాలు బ్యాగు సదురుకుంట గౌను మడత విప్పిండు.
"బిడ్డకు కొన్న. దుకాణంల గులాబి అన్నడు.
నువ్వు రంగులోనివి గద, సూడు."
పైకెత్తిన. తిప్పి చూసిన.
ఆయన ఫ్లైటు రెండింటికి.
దిగినంక ఎండల చూసి
ఫోన్ చెయ్యుమన్న.