ఓపీ చీటీ

కేజీహెచ్‌లో తెల్లారి ఏడుకే వరస.
చీటీ మీద రాష్ట్రం అనే గడి దగ్గర
రోజుకోసారైనా నా పెన్ను ఆగుతుంది.

"ఏ ఊరమ్మా?"
"పర్లాకిమిడి బాబూ, పాతపట్నం పక్కన.
మజ్జిన ఏరే గదా!
ఏసంగిలో గేదెలు పొట్ట తడవకండా దాటేస్తాయి."

దుంపల చిన్నమ్మడు. డెబ్బై రెండు. దగ్గు.
వెనకాల ఆమె అక్క, అదే ముక్కు, అదే దగ్గు,
పాతపట్నం కోడలు. ఆమెకి కార్డుంది.
ఈమె కార్డు ఇక్కడ చెల్లదు.

"ముప్పయ్యారులో మా మామ్మ పల్లకీ ఏరు దాటినాది.
పదారు రోజుల పండక్కి తిరిగొచ్చీసరికి
పుట్టిల్లు ఒరిస్సా అయిపోనాది.
మేళగాళ్లు మాత్రం ఆళ్లే."

ఏ మేజా మీద గీశారో ఆ గీత,
కొండలూ చెరుకు మళ్లూ దాటుకుని
నా కిటికీ దాకా వచ్చి
ఇద్దరు అప్పచెల్లెళ్ల మధ్య నించుంది.

ఒడిశా అని రాశాను.
ఆమె కళ్లజోడు కొంగుతో తుడుచుకుని చూసింది.
"అంత సిన్న గడిలో
మా ఊరు పట్టిందేటి?"

వెనక నుంచి అక్క విసుక్కుంది:
"బేగి కదలవే,
ఇద్దరికీ ఉన్నది ఒకటే బస్సు."