ఎర్రగడ్డ స్టేజీ

పదకొండేండ్లు ఈ పేరు నేనే ఒర్రిన.
"ఎర్రగడ్డ, ఎర్రగడ్డ, దిగేటోళ్ళు ముందటికి రావాలె!"
ఎనక సీటుల పోరగాండ్లు ఒకన్నొకడు పొడుసుకొని
"నువ్వే దిగాలెరా" అని నవ్వేటోళ్ళు.
నేను గూడ నవ్వేదాన్ని.
సీటీ ఊది, రైట్ రైట్ అనేదాన్ని.

నడుం పోయింది భరత్‌నగర్ బ్రిడ్జి మీద.
ఆటో అడ్డమొస్తె జహంగీర్ భాయి బ్రేక్ గొట్టిండు.
చేతుల టికెట్ మిషన్ భద్రం, నేను ఫుట్‌బోర్డు మీద.
మిషన్ పలిగితె జీతంల కోస్తరు,
నడుం ఎవరి పద్దుల రాస్తరు?

దవాఖానల పదిహేను దినాలకు గోలీలు రాసిచ్చిన్రు.
ఆ కాగితం సంచిల పెట్టుకొని రెండేండ్లు తిరిగిన.
మడతల కాడ చినిగింది,
డాక్టరు సంతకం చెమటకు నాని నీలి మరక అయింది.
మెడికల్ షాపు పిలగాడు కాగితం అడుగుడు ఎప్పుడో మానేసిండు.
"అక్కా, గదేనా?"
గంతే. ఛాయ్ పోసిచ్చినంత అల్కగ.

మొదటి గోలీ నొప్పికి.
తర్వాతది, నొప్పి వస్తదేమో అని.
ఆ తర్వాత, అబద్ధమెందుకు,
జీరో టికెట్ల తొక్కిసలాటల
ఎవరో నా చెవులకు దూది పెట్టినట్టుండేది.
ఆ దూది కోసమే మింగిన.

టికెట్ల లెక్క ఏనాడూ రూపాయి తప్పలె.
కొత్తగ వచ్చినోళ్ళకు డిపోల నా పేరే చెప్తరు.
గోలీలు ఎన్ని అని మా ఆడబిడ్డ అడిగితె
నాలుగు అంటుంటి.

షాపు రెండు దినాలు బంద్ పడ్డది.
ఆవులింత మీద ఆవులింత.
మే నెల ఎండల ఒళ్ళంత చలిగడ్డ,
కాళ్ళల్ల చీమలు, ముక్కు తుడుసుకునుడే పని.
పాస్ మర్సిపోయిన బడిపిల్లను
బాలానగర్‌ల దింపేసిన.
ఆ పిల్ల ఏడ్వలె.
టిఫిన్ డబ్బా గుండెకు పట్టుకొని బస్సు దిక్కే చూసింది.

ఆఖరి ట్రిప్పు అయినంక జహంగీర్ భాయి
ఇంజను బంద్ చేసి అద్దంల అడిగిండు:
"అండాలక్కా, ఎన్ని?"
నాలుగు.
ఆయన అద్దం తుడిసిండు, మళ్ళ అడిగిండు.
తొమ్మిది.
చిల్లర సంచి కింద పడ్డట్టు
ఖాళీ బస్సంత చప్పుడయింది ఆ మాట.
"మా చిన్నోనికి సీసా, నీకు గోలీ" అన్నడు,
"ఒక్కదానివి పోకు. నేనొస్త."

బుధవారం, ఖాకీ లేకుండ బస్సెక్కిన.
కండక్టరు కొత్త పిల్ల, గొంతు ఇంక పలగలె.
"ఎర్రగడ్డ, దిగేటోళ్ళు!"
లేసిన.
ఎనక సీటోళ్ళు నవ్విన్రో లేదో చూడలె.
నా ఎనకనే జహంగీర్ భాయి,
సందూకు తాళంలెక్క నా రిపోర్టులు పట్టుకొని.

లోపట రేకుల షెడ్డు కింద ఏడుగురం కూసున్నం.
మోకాలి ఆపరేషన్ అయిన ముసలమ్మ ఒకామె
మెడల కంపెనీ కార్డు ఉన్న పిలగానికి బత్తాయి ఒలుస్తున్నది.
నా దిక్కు సూసి రెండు తొనలు అందిచ్చింది.
"నీయి ఎన్ని బిడ్డా?"
ఈసారి ఒక్క తీరుగనే చెప్పిన.

షాపు పిలగానితోని గూడ చెప్పిన:
"ఏడ్సుకుంట అడిగినా ఇయ్యకు."
వాడు కంప్యూటరు దిక్కు సూసుకుంట తల ఊపిండు.
వానికీ సిగ్గయినట్టుంది. కానీ.

ఇప్పుడు షీటు జహంగీర్ భాయి జేబుల ఉంటది.
డాక్టరమ్మ రాసిన తీరు వారానికింత తగ్గిస్తడు,
సగం గోలీ చేతుల పెట్టి మొఖం తిప్పుకుంటడు.
నిద్ర ఇంక రాలె.
నడుం నొప్పి పోలె, అదీ ఎక్కుతది రోజు నాతోని.
సీటు మాత్రం ఇస్తలేను, నిలబడే వస్తున్నది.

పొద్దుగాల మళ్ళ ఒర్రిన, "ఎర్రగడ్డ!"
పోరగాండ్లు మళ్ళ నవ్విన్రు.
ముందటి రాడ్ పట్టుకొని ఒకాయన,
చేతుల నలిగిన కాగితం,
ఒక కాలు మెట్టు మీద, ఒకటి బస్సుల.
సీటీ నోట్ల పెట్టుకొని ఊదలె.
ఎనక కార్లు హారన్లు కొడుతున్నయ్.
కొట్టనీ.