పదహారో కంబం

సుద్దలపల్లె చెన్నకేశవుడి గుడి కారుతోందని
పాపాఘ్ని అవతల నుంచి పిలిపించినారు నన్ను.
గానుగలో సున్నం తిప్పితి.
కరక్కాయ, బెల్లం నీళ్లు మూడు దినాలు ఊరబెడితి.
పైకప్పు బండల సందులు పూడ్చి దిగినాక
ఓబుళరెడ్డి నా చెయ్యి పట్టుకొని
వాయవ్య మూలకి తీసుకపోయె.

పదైదు కంబాలకి యాళి ఉంది, కోరల కింద ఏనుగు,
దాని తొండంలో ఇంకా విడవని తామర తూడు.
పదహారో దానికి
మెడ దాకా జూలు. ముఖం ఒట్టి గుండు.

కండ్లు పెడితే ఊరి పసులను మింగుతాదని
పూర్వం ఎవురో అన్నారంట.
కరువొచ్చి జొన్నలు కొలిచేది ఆపినారని
మా తాత తిప్పన్న మాట.
"ఇప్పుడు జొన్నలు కాదు, లెక్కే ఇస్తాం. ముగించు మేస్త్రీ."

ఉలి పెట్టే ముందు సుత్తెతో తట్టితి.
తక్కిన పదైదూ కంచు మాదిరి పలికినవి.
ఇది
మట్టికుండలో ఎవురో దగ్గినట్టు.

లోపల ఎక్కడో వెంట్రుకంత బీట.
ఆ మనిషీ విన్నాడు.
జూలు కాడ చివరి దెబ్బ చూడు,
సగంలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
బీట గోడవైపుకి తిప్పి,
బరువు తక్కువుండే మూలలో నిలబెట్టించి,
ఎవురికీ చెప్పకుండా పోయినాడు.

ఎన్ని వందల ఏండ్లో. దూలం వేలెడు కూడా దిగలేదు.

రెడ్డి ఇంకా నిలబడే ఉన్నాడు.
ఉలి గుడ్డలో చుట్టుకుంటా అంటి:
"పెద్దలు చెప్పింది నిజమే సామీ.
దీనికి కండ్లు తెరిపించొద్దు.
పసులను తింటాది."

సున్నం పనికి మటుకు కూలి అడిగితి.
రెండు నూర్లు తక్కువిచ్చినాడు.