భుజమంత ఖాళీ

మూర్ఛ వచ్చి పడ్డప్పుడు
తమ్ముడి భుజం గోడలోకి దిగింది.
ఇటుక గోడయితే ఎముక విరిగేది.
ఇది రెండు కాగితాల మధ్య అదిమిన సుద్ద,
తానే విరిగింది.

జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు.
లోపల చిరిగిన ప్లాస్టిక్ పొర,
గులాబీ రంగు గాజుదూది,
దాని వెనకాల
థండర్ బే జనవరి.

రెండు వారాలు క్యాలెండరు అడ్డం పెట్టాం.
నడవలోకి వచ్చినప్పుడల్లా ఎమెట్
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు
తల తిప్పుకునేవాడు.

ఆదివారం కిందింటి ఆర్వో కెట్టునెన్ వచ్చాడు.
నలభై ఏళ్ళు ఈ ఊరి గోడలకు లప్పం పెట్టిన మనిషి.
ఇప్పుడు టీ కప్పు సగమే నింపమంటాడు,
చేతులు వణుకుతాయని.
కుర్చీ వేయించుకుని, చూసి,
"ముందు దీన్ని ఇంకా పెద్దది చెయ్యి" అన్నాడు.

నాకు చెయ్యి రాలేదు.
"వంకర బొక్కకు అతుకు కుదరదమ్మాయ్.
నాలుగు పలకలుగా కొయ్యి,
అటూ ఇటూ కట్టె కనబడాలి."

రంపం ఆడినంతసేపూ
నా రెప్పల మీద, వాడి చెప్పుల మీద తెల్లటి పొడి.
ఊడొచ్చిన అంచు ముక్కలో
నెలవంకలాంటి వంపు.
ఎమెట్ దాన్ని భుజానికి ఆనించుకుని
"నా కొలతే" అన్నాడు.
ముగ్గురం నవ్వాం,
ఆర్వో కొంచెం ఆలస్యంగా.

నిచ్చెన ఎక్కకూడదు వాడు.
కారు తోలకూడదు.
స్నానాల గదికి గడియ పెట్టుకోకూడదు.
స్క్రూలు అందించొద్దని మాత్రం
ఏ డాక్టరూ రాయలేదు.
లెక్కపెట్టి అందించాడు, పద్దెనిమిది.
"తల కాగితాన్ని నొక్కాలి, చింపకూడదు"
కుర్చీలోంచి ఆర్వో.

ప్లాస్టిక్ అతికి, కొత్త పలక బిగించి,
అతుకుల మీద కాగితం టేపు పరిచి,
మొదటి పూత.
ఆరాలి.
రెండో పూత, ఇంకాస్త వెడల్పుగా.
ఆరాలి.
మా ఇంట్లో అందరం
ఆరడానికే కాచుకుని కూర్చున్నాం ఆ వారం.

మూడో పూతకి ఆర్వో
రేకు తనకిమ్మన్నాడు.
ఒక్కసారి లాగాడు, పైనుంచి కిందికి.
తడి లప్పం మీద సన్నటి అలలు.
కాసేపు వాటినే చూసి
రేకు నా చేతిలో పెట్టేశాడు.
"రేపు గీకెయ్."

గీకేశాను. ఉంచుకోవాలనిపించింది గానీ
ఉప్పుకాగితంతో మొత్తం గీకేశాను.
మర్నాడు వచ్చి కళ్ళు మూసుకుని
అరచేత్తో తడిమాడు, తన అలలు
ఎక్కడైనా మిగిలాయేమోనని.
ఊఁ, అన్నాడు.

రంగు కలవలేదు.
పాత రంగు పేరు ఎవరికీ తెలియదు,
కొట్టువాడు దగ్గరగా ఉన్నదేదో ఇచ్చాడు.
సాయంత్రం నాలుగింటికి
కిటికీలోంచి ఎండ అడ్డంగా పాకితే
అక్కడ గోడ కొంచెం ఊపిరి పీల్చినట్టుంటుంది.
ముందు చూసింది ఎమెటే.
"ఇక్కడ" అని వేలు పెట్టి చూపించాడు.

క్యాలెండరు మేకు బెజ్జం ఇంకా ఉంది.
దానికి టూత్‌పేస్టు చాలంటాడు వాడు.
బ్రష్షు పక్కన పెట్టి
ఇప్పుడే తేవడానికి వెళ్ళాడు,
స్నానాల గది తలుపు తెరిచే ఉంచి.